మోకీలు మార్పిడి తర్వాత తొడ కండరం ఎందుకు మొరాయిస్తుంది?

సంక్షిప్తంగా: మోకీలు మార్పిడి ఆపరేషన్ అయ్యాక ఇంట్లో అందరూ అడిగే ప్రశ్న ఒకటే: ‘ఎన్ని డిగ్రీలు వంగుతోంది?’ తొలి ఆరు వారాల్లో నడకను తేల్చేవి మాత్రం వేరే మూడు: వాపు ఎంత తగ్గింది, కాలు పూర్తిగా చాపుకుంటోందా, తొడ ముందు కండరం పలుకుతోందా. ఈ మూడూ ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయి. వాపును వదిలేసి బలవంతంగా వంచడం మొదలుపెడితే కాలు మరింత బిగుస్తుంది.

## ‘చిప్పలు మార్చడం’ అనే మాటతో వచ్చే చిక్కు

తెలుగునాట ఈ ఆపరేషన్‌కు స్థిరపడిన పేరు ‘చిప్పలు మార్చడం’. మారేది ప్రధానంగా చిప్ప కాదు. తొడ ఎముక కింది కొసను, కాలి ఎముక పై కొసను కొన్ని మిల్లీమీటర్ల మందాన చెక్కి, పైన కోబాల్ట్ క్రోమియం తొడుగు, కింద లోహపు పళ్లెం, రెండింటి మధ్య గట్టి పాలీఇథిలీన్ ముక్క అమరుస్తారు. చిప్ప వెనకవైపు ప్లాస్టిక్ బిళ్ల అతికించాలా వద్దా అన్నది సర్జన్ నిర్ణయం. అతికించినా ముందువైపు ఉండేది సొంత చిప్పే.

మాట తప్పయితే మునిగేదేమీ లేదు కానీ, దాని వెంట ఒక తప్పుడు లెక్క వస్తుంది. అరిగిన పార్టు తీసి కొత్తది వేశారు కాబట్టి బండి వెంటనే కదలాలి అన్న లెక్క అది. కొత్తగా వచ్చింది రాపిడి తలాలు మాత్రమే. కీలును కదిపే కండరాలు, పక్కన పట్టి ఉంచే లిగమెంట్లు, చుట్టూ ఉన్న సంచి అన్నీ పాతవే. ఏళ్ల తరబడి నొప్పితో కుంటుతూ నడవడం వల్ల ఆ కండరాలు ఆపరేషన్ నాటికే బక్కచిక్కి ఉంటాయి. పైగా ఎక్కువమందిలో కీలు దగ్గరకు చేరుకోవడానికి తొడ ముందు కండరపు స్నాయువును, అంటే కండరాన్ని ఎముకకు కట్టే తాడును, లోపలి అంచున చీల్చి, పని అయ్యాక తిరిగి కుడతారు. అంటే లేచి నిలబడటానికి అన్నిటికన్నా అవసరమైన కండరమే కత్తి గాటు తిని ఉంటుంది.

2017 ఆగస్టులో కేంద్రం పరిధిలోని జాతీయ ఔషధ ధరల నిర్ణయ సంస్థ మోకీలు ఇంప్లాంట్లకు గరిష్ఠ ధరలు ఖరారు చేసింది. సాధారణ కోబాల్ట్ క్రోమియం కీలుకు జీఎస్టీ కాకుండా రూ.54,720 పరిమితి పెట్టడంతో లోహం ఖర్చు బాగా దిగింది. డిశ్చార్జి తర్వాతి ఫిజియోథెరపీ మాత్రం చాలాచోట్ల ఆపరేషన్ ప్యాకేజీలో ఉండదు. అందువల్ల అసలు పని మొదలయ్యే రోజుకే చాలా కుటుంబాలు వైద్యం ముగిసిందనుకుంటాయి.

## కండరం మీద పడే బ్రేకు

ఆపరేషన్ మర్నాడు ‘కాలు నిటారుగా ఎత్తండి’ అంటే చాలామంది ఎత్తలేరు. నొప్పికి భయపడి ఎత్తడం లేదని ఇంట్లోవాళ్లు అనుకుంటారు. మందుల ప్రభావంతో నొప్పి పెద్దగా లేనప్పుడు కూడా కాలు లేవకపోవచ్చు. దీనికి వైద్యంలో ఉన్న పేరు ఆర్థ్రోజెనిక్ మజిల్ ఇన్‌హిబిషన్. కీలు తన సొంత కండరానికి తానే వేసే బ్రేకు అనుకోవచ్చు.

కీలు సంచిలో ద్రవం చేరి అది సాగినప్పుడు అక్కడి నాడీ కొసలు వెన్నుపాముకు సంకేతాలు పంపుతాయి. వెన్నుపాము తొడ ముందు కండరానికి, అంటే క్వాడ్రిసెప్స్‌కు వెళ్లే ఆజ్ఞను కత్తిరించేస్తుంది. మనిషి ఎంత గట్టిగా ప్రయత్నించినా కండరంలోని పోగులన్నీ పలకవు. ఆరోగ్యంగా ఉన్న మోకాళ్లలోకి సెలైన్ ఎక్కించి చేసిన ప్రయోగాల్లో 20–30 మిల్లీలీటర్లకే చిప్ప పైన లోపలివైపు ఉండే కండర భాగం మందగించింది. దగ్గుమందు మూతతో కొలిస్తే రెండు మూతలు. 50–60 మిల్లీలీటర్లకు మిగతా భాగాలూ అదే దారి పట్టాయి. ఆపరేషన్ అయిన మోకాలిలో చేరే రక్తం, ద్రవం అంతకంటే ఎక్కువే ఉంటాయి.

అందుకే తొలి నెలలో ఈ కండరం బలం ఆపరేషన్‌కు ముందున్నదానిలో సగానికో, అంతకంటే కిందికో పడిపోతుంది. అందులో కండరం సన్నబడటం వల్ల పోయేది చిన్న భాగం, ఆజ్ఞ అందకపోవడం వల్ల పోయేది పెద్ద భాగం. ఈ తేడాను గుర్తుపెట్టుకోవాలి. సన్నబడిన కండరానికి కావలసింది బరువులు. ఆజ్ఞ అందని కండరానికి ముందు కావలసింది వాపు తగ్గడం, మళ్లీ మళ్లీ పిలవడం. మొదటి వారంలోనే చీలమండకు ఇసుక సంచి కట్టి ఎత్తించడం ఈ లెక్కన తొందరపాటు.

తొడ వెనక కండరాల మీద ఈ బ్రేకు అంతగా పడదు. ముందుది సడలి, వెనకది బిగిసి ఉండటంతో కాలు దానంతటదే కాస్త వంగి ఆగుతుంది. తర్వాత వచ్చే చాలా ఇబ్బందులకు బీజం ఇక్కడే పడుతుంది.

పిలిచే పద్ధతి చూడటానికి చాలా చిన్నది. వెల్లకిలా పడుకొని, మడమ కింద చుట్టిన తువ్వాలు పెట్టి, మోకాలి వెనక భాగాన్ని పరుపువైపు నొక్కాలి. 5–6 సెకన్లు పట్టి ఉంచి వదలాలి. పదిసార్లు ఒక విడత, రోజుకు ఐదారు విడతలు. సరిగా జరిగితే చిప్ప కొద్దిగా పైకి జారుతుంది. చిప్పకు నాలుగు వేళ్ల పైన, లోపలివైపు చెయ్యి ఆనిస్తే కండరం గట్టిపడటం తెలుస్తుంది. పిరుదులు బిగిసి నడుము లేస్తోందంటే పని వేరే కండరాలు చేస్తున్నాయి. ఊపిరి బిగబట్టకూడదు. ఎంతకీ పలకకపోతే ముందు మంచి కాలితో రెండుసార్లు చేసి, ఆ అనుభూతి ఆరకముందే ఆపరేషన్ కాలితో ప్రయత్నిస్తే చాలామందిలో దారి దొరుకుతుంది.

తర్వాతి మెట్టు కాలు నిటారుగా ఎత్తడం. ఇక్కడ లెక్కకు వచ్చేది ఎత్తు కాదు. కాలు పరుపు వదిలే క్షణంలో మోకాలు కిందికి వాలుతోందా లేదా చూడాలి. చేత్తో చాపితే పూర్తిగా చాపుకునే కాలు, సొంతంగా ఎత్తినప్పుడు ఐదో పదో డిగ్రీలు వంగిపోతే దాన్ని ‘లాగ్’ అంటారు. లాగ్‌తో ఎత్తిన ఇరవై సార్ల కంటే లాగ్ లేకుండా ఎత్తిన నాలుగు మేలు. వాలడం మొదలైన చోట ఆపి, మళ్లీ నొక్కుడు వ్యాయామానికి వెళ్లాలి.

## వాపు: కాపడం, మర్దన, ఐసు

వాపు మొదటి వారం చివరికి పతాకస్థాయికి చేరుతుంది. బాగా తగ్గడానికి ఆరు వారాలు, సాయంత్రాలు కనిపించే కొద్దిపాటి వాపు పోవడానికి మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది. మోకాలు తాకితే వెచ్చగా ఉండటం కూడా కొన్ని నెలలు సాగుతుంది. ఈ మామూలు వెచ్చదనానికే కంగారుపడేవారు కొందరైతే, నిజమైన ఇన్‌ఫెక్షన్‌ను మామూలే అనుకొని కూర్చునేవారు మరికొందరు.

నొప్పి అంటే కాపడం, బిగుతు అంటే నూనె మర్దన. మన ఇళ్లలో ఈ రెండూ తరాలుగా వస్తున్నవే, కండరాల పట్టేతకు పనికొచ్చేవే. తాజాగా కోసిన మోకాలికి మాత్రం వేడి రక్తప్రవాహాన్ని పెంచి వాపును పెంచుతుంది. మరో ప్రమాదమూ ఉంది. కోత గీతకు బయటివైపు చర్మానికి స్పర్శనిచ్చే సన్నని నరం కొమ్మ ఆపరేషన్‌లో తెగుతుంది. అక్కడ అరచేతి మేర తిమ్మిరిగా ఉంటుంది, కొందరికి ఎప్పటికీ అలాగే ఉండిపోతుంది. ఆ చోట వేడినీళ్ల సంచి కాలుస్తున్నా తెలియదు. షుగర్ ఉన్నవారిలో ఆ బొబ్బ పుండుగా మారితే కొత్త కీలుకే ముప్పు. పిక్కను గట్టిగా పిసకడం మరీ పనికిరాదు. తొలి వారాల్లో అక్కడి సిరల్లో రక్తం గడ్డకట్టే అవకాశం ఎక్కువ, మర్దన ఆ గడ్డను కదిలించవచ్చు. కుట్లు మాని పైపొర పూర్తిగా అతుక్కున్నాక మచ్చ చుట్టూ మెల్లగా కొబ్బరినూనె రాయడం వేరే సంగతి. అది చర్మం కింది పొరలకు అంటుకుపోకుండా చూస్తుంది.

ఐసు పల్చని గుడ్డలో చుట్టి 15–20 నిమిషాలు, రోజుకు నాలుగైదుసార్లు, ముఖ్యంగా వ్యాయామం ముగిసిన వెంటనే పెట్టాలి. తిమ్మిరి చర్మానికి చలి దెబ్బ కూడా తెలియదు కాబట్టి గుడ్డ లేకుండా పెట్టకూడదు. కాలు ఎత్తుగా పెట్టడమంటే కుర్చీలో కూర్చొని ముందున్న స్టూలు మీద చాపుకోవడం కాదు. పడుకొని, చీలమండ గుండెకంటే ఎత్తులో ఉండేలా పిక్క, మడమల కింద దిండ్లు పేర్చాలి. మెలకువగా ఉన్నంతసేపు గంటకు పది పదిహేనుసార్లు పాదాన్ని పైకీ కిందికీ ఆడించడం పిక్కలోని రక్తాన్ని పైకి తోస్తుంది.

వాపును కంటితో అంచనా వేయడం కంటే దర్జీ టేపుతో కొలవడం నమ్మదగినది. కాలు చాపి, చిప్ప మధ్యమీదుగా చుట్టుకొలత రోజూ ఒకే వేళకు రాసుకోవాలి. నిన్నటికంటే సెంటీమీటరు పెరిగిందంటే నిన్న పని ఎక్కువైంది. ఈరోజు నడక, వ్యాయామం కొంత తగ్గించాలి, పూర్తిగా మానేయకూడదు. ఎక్కువగా నడిస్తే త్వరగా కోలుకుంటామన్న ఉత్సాహంతో పదో రోజుకే అరగంట వాకింగ్ చేసేవారిలో ఈ కొలత పెరుగుతూ పోతుంది, తొడ కండరం వెనక్కు పోతుంది. తొలి రెండు వారాలు ఐదు పది నిమిషాల చొప్పున రోజుకు ఐదారుసార్లు నడవడం ఒకేసారి దూరం నడవడం కంటే మేలు.

## ముందు చాపడం

మోకాలి కింద దిండు పెట్టుకుంటే హాయిగా ఉంటుంది. కీలు సంచిలో ద్రవానికి ఎక్కువ చోటు దొరికేది కాస్త వంగిన స్థితిలోనే కాబట్టి నొప్పి తగ్గినట్టుంటుంది. రాత్రంతా అలా పడుకుంటే ఎనిమిది గంటలపాటు వెనకవైపు కణజాలం పొట్టిగా ఉండటానికి అలవాటు పడుతుంది. పగలు పది నిమిషాలు చేసే వ్యాయామం ఆ ఎనిమిది గంటలతో గెలవలేదు. ఇంటి దగ్గర జరిగే పొరపాట్లలో ఇంత హాయిగా ఉండి ఇంత నష్టం చేసేది మరొకటి లేదు.

కాలు పది డిగ్రీలు వంగి ఉండిపోతే ఏమవుతుందో నిలబడి చూస్తే తెలుస్తుంది. మోకాలు పూర్తిగా చాపుకున్నప్పుడు శరీర బరువు ఎముకల మీదుగా నేలకు దిగుతుంది, తొడ కండరానికి పెద్ద పని ఉండదు. వంగి ఉంటే నిలబడిన ప్రతి క్షణం ఆ కండరం బిగిసి మోయాలి. అసలే సగం బలం పోయిన కండరం కాబట్టి పది నిమిషాలకే తొడ మండుతుంది. ఆ కాలు పొట్టిదైనట్టు నడుము ఒకవైపు ఒరుగుతుంది, కొంతకాలానికి నడుము నొప్పి మొదలవుతుంది. వంపు పది డిగ్రీలు తగ్గితే ఒకటో రెండో పనులకు ఇబ్బంది, చాపులో పది డిగ్రీలు తగ్గితే ప్రతి అడుగుకూ ఇబ్బంది.

చాపడానికి చేయవలసింది మడమ కింద గట్టి తువ్వాలు చుట్ట పెట్టి, మోకాలి కింద ఏ ఆధారమూ లేకుండా వదిలేయడం. మొదట్లో 3–5 నిమిషాలు, క్రమంగా 10 నిమిషాలు, రోజుకు మూడు నాలుగుసార్లు. పాదం బయటికి తిరిగిపోకుండా బొటనవేలు కప్పువైపు చూడాలి. తిరిగిపోతే మోకాలు చాపుకున్నట్టు కనిపిస్తుందే తప్ప చాపుకోదు. గట్టి మంచం మీద పడుకొని మోకాలి వెనక అరచెయ్యి దూర్చి చూస్తే ఇంట్లోనే పరీక్ష అయిపోతుంది. రెండు కాళ్ల కింద ఖాళీ ఒకేలా ఉండాలి. నవారు మంచం, మెత్తటి పరుపు మధ్యలో కుంగుతాయి కాబట్టి ఈ కొలతకు పనికిరావు.

## వంపు ఎంత కావాలి?

చదును నేల మీద నడవడానికి 60–70 డిగ్రీలు చాలు. మెట్లు ఎక్కడానికి 80–85, దిగడానికి 90–100, మామూలు కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవడానికి 95–105, వ్యాయామ సైకిల్ పెడల్ పూర్తిగా తిప్పడానికి 105–110 కావాలి. బాసింపట్టు వేయడానికీ, గొంతుక్కూర్చోవడానికీ 130 దాటాలి. రెండో వారానికి 90, ఆరో వారానికి 105–110, మూడో నెలకు 115–120 దగ్గరకు రావడం మామూలు గతి.

ఎవరికి ఎంత వస్తుందో ముందుగా అన్నిటికన్నా బాగా చెప్పేది ఇంప్లాంట్ బ్రాండు కాదు, ఆపరేషన్‌కు ముందు మోకాలు ఎంత వంగేదన్నదే. పదేళ్లుగా 95 డిగ్రీలకు మించి వంగని మోకాలు కొత్త కీలుతో 135కి చేరడం అరుదు. పక్కింటావిడ నేలమీద కూర్చుంటోంది, తాను ఎందుకు కూర్చోలేకపోతున్నాననే బాధకు సమాధానం చాలాసార్లు పాత రికార్డుల్లోనే దొరుకుతుంది.

వంచడానికి మంచంమీద మడమ జార్చడం మొదటి పద్ధతి. దుప్పటి పట్టేయకుండా మడమ కింద ఒక పాలిథిన్ కవరు పెడితే సులువుగా జారుతుంది. పాదం చుట్టూ తువ్వాలు వేసి రెండు కొసలూ చేతులతో లాగితే చివరి ఐదారు డిగ్రీలు అదనంగా వస్తాయి. రెండోది కుర్చీ పద్ధతి. పాదం నేలమీద కదలకుండా ఉంచి, కూర్చున్నవారే పిరుదులను అంచువైపు జరపాలి. 10–20 సెకన్లు ఆగి వెనక్కు రావాలి. ఇందులో ఎంత వంచాలన్నది పూర్తిగా రోగి అదుపులో ఉంటుంది కాబట్టి, ఎవరో కాలు పట్టుకొని నొక్కడం కంటే కండరం తక్కువగా ప్రతిఘటిస్తుంది. నొప్పి మాత్ర వేసుకున్న అరగంట, ముప్పావుగంట తర్వాత చేస్తే పని సులువు. నొప్పి పదిలో నాలుగు, ఐదు వరకు రావడం సహజమే. గంటలోపు పాత స్థాయికి దిగాలి. రాత్రి నిద్ర చెడగొట్టే నొప్పి, మర్నాటికి పెరిగిన చుట్టుకొలత రెండూ మోతాదు మించిందని చెబుతాయి.

‘ఏడిస్తేనే వంగుతుంది’ అన్న మాట కొన్ని చోట్ల ఇంకా వినిపిస్తోంది. వాచిన కీలును ఇద్దరు పట్టుకొని విరిచినట్టు వంచితే లోపల సన్నటి చీలికలు పడి మళ్లీ రక్తం చేరుతుంది, మచ్చ కణజాలం పెరుగుతుంది. కొలిచిన ఆ నిమిషంలో పది డిగ్రీలు ఎక్కువ కనిపిస్తుంది, రెండు రోజుల్లో పదిహేను పోతుంది.

అన్నీ చేసినా కొందరిలో మచ్చ కణజాలం మితిమీరి పెరిగి కీలు బిగుసుకుపోతుంది. ఆరు వారాలు దాటినా వంపు 90 చేరకపోతే సర్జన్‌ను కలవాలి. మత్తు ఇచ్చి కీలును మెల్లగా వంచి ఆ పొరలను విడదీసే పద్ధతి ఆరు నుంచి పన్నెండు వారాల మధ్య బాగా పనిచేస్తుంది. ఆ తర్వాత కణజాలం ముదిరి ఫలితం తగ్గుతుంది, బలవంతం చేస్తే ఎముక విరిగే ప్రమాదమూ పెరుగుతుంది. ‘ఇంకో రెండు నెలలు చూద్దాం’ అన్న వాయిదా ఇక్కడ ఖరీదైనది.

## వాకర్ నుంచి మెట్ల దాకా

వాకర్ పిడి ఎత్తు మణికట్టు మడత దగ్గర ఉండాలి. పొట్టిదైతే నడుము వంగుతుంది, పొడుగైతే భుజాలు లేస్తాయి. అడుగు వేసేటప్పుడు ముందు మడమ ఆనాలి. మోకాలు వంచకుండా కాలును కర్రలా ఈడ్చే నడక ఒక్కసారి అలవాటైతే నొప్పి పోయాక కూడా పోదు. చేతికర్రకు మారినప్పుడు ఆపరేషన్ అయిన కాలికి ఎదుటి చేతిలో కర్ర పట్టాలి. అదే వైపు పట్టడం సహజంగా తోస్తుంది కానీ, అప్పుడు శరీర బరువు నొప్పి కాలి మీదికే ఒరుగుతుంది.

మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు. పై మెట్టు మీదున్న కాలే శరీరాన్ని మోస్తుంది కాబట్టి ఈ నియమం. ఒకేసారి రెండు మోకాళ్లూ మార్పించుకున్నవారికి మంచి కాలంటూ ఉండదు. వారు రెయిలింగు ఆధారంగా, కాస్త ముందు నుంచి బలంగా ఉన్న కాలితో మొదలుపెడతారు.

దిగడం ఎక్కడం కంటే ఎందుకు కష్టమో బెర్లిన్ పరిశోధకులు కీలులోనే సెన్సార్లు అమర్చి కొలిచారు. చదును నేల మీద నడకలో కీలు మీద పడే బలం శరీర బరువుకు సుమారు 2.6 రెట్లు, మెట్లు ఎక్కితే 3.2 రెట్లు, దిగితే దాదాపు 3.5 రెట్లు. 70 కిలోల మనిషి ఒక్కో మెట్టు దిగినప్పుడు కీలు మోసేది 240 కిలోల పైచిలుకు. అలిపిరి కాలినడక మొక్కు ఉన్నవారు ‘ఎప్పుడు ఎక్కొచ్చు’ అని అడుగుతుంటారు. తేల్చవలసింది నెలల లెక్క కాదు. 8 అంగుళాల మెట్టును రెయిలింగు పట్టకుండా, మోకాలు లోపలికి ఒరగకుండా, మెల్లగా దిగగలుగుతున్నారా అన్నదే ప్రమాణం.

ఆ స్థితికి చేర్చేది బలం పెంచే వ్యాయామం. నాలుగో వారం ప్రాంతంలో లాగ్ పోయి వాపు అదుపులోకి వచ్చాక మొదలవుతుంది, ఎక్కువమంది సరిగ్గా అప్పుడే ఫిజియోథెరపీ మానేస్తారు. నడక వచ్చింది, నొప్పి తగ్గింది, ఇంకెందుకు అన్న ఆలోచన. కుర్చీలోంచి లేవడం ఇందులో రాజు లాంటి వ్యాయామం. 18–20 అంగుళాల ఎత్తు కుర్చీతో మొదలుపెట్టి, పది చొప్పున మూడు విడతలు తేలికైనప్పుడు సీటు మీద వేసిన దిండు తీసి ఎత్తు తగ్గించాలి. తెలియకుండానే బరువంతా మంచి కాలి మీద వేసి లేవడం ఇక్కడి ప్రధాన దోషం. ఆపరేషన్ కాలి పాదాన్ని రెండంగుళాలు వెనక్కు పెడితే బరువు దాని మీదికి వస్తుంది. తర్వాత 4 అంగుళాల మెట్టు ఎక్కి దిగడం, 6, ఆపైన 8. చీలమండకు అర కిలో, కిలో బరువులు కట్టి మోకాలు చాపడం. వారానికి మూడు రోజులు, పన్నెండు వారాల దాకా సాగాలి.

## యంత్రాలు, కరెంటు, ఇంటికొచ్చే ఫిజియో

మోకాలిని మంచంమీదే వంచి చాపే సీపీఎం యంత్రాన్ని అద్దెకు తెచ్చుకోవాలా అన్నది తరచూ వచ్చే సందేహం. జరిగిన ప్రయోగాలన్నిటినీ కలిపి తూచి 2014లో వెలువరించిన కాక్రేన్ సమీక్ష ప్రకారం దానివల్ల వంపులో కలిగే లాభం సుమారు రెండు డిగ్రీలు. యంత్రం కాలును కదుపుతుంది, కండరాన్ని పిలవదు. ఆ అద్దె డబ్బుతో నాలుగైదు ఫిజియో విజిట్లు పెట్టుకోవడం మంచి బేరం.

‘కరెంటు పెట్టించుకోవడం’ అనే ఒకే మాట కింద వేర్వేరు పనులున్నాయి. టెన్స్, ఐఎఫ్‌టీ అనే నొప్పి తగ్గించే కరెంట్లు నొప్పి సంకేతాన్ని కొంతసేపు మసకబరుస్తాయి, కండరం పెరగదు. తొడ ముందు కండరం మీద ప్యాడ్లు అంటించి అది కంటికి కనిపించేలా బిగుసుకునే మోతాదులో ఇచ్చే ఎన్‌ఎంఈఎస్ వేరు. వెన్నుపాము బ్రేకును పక్కదారిలో దాటి కండరాన్ని నేరుగా పిలుస్తుంది. ఆపరేషన్ అయిన రెండు రోజులకే మొదలుపెట్టి కొన్ని వారాలు ఇచ్చినప్పుడు బలం త్వరగా తిరిగొచ్చినట్టు ప్రయోగాల్లో తేలింది. రోజూ ఇరవై నిమిషాలు కరెంటు పెట్టి పంపించేస్తున్నారంటే అది ఈ రెండిటిలో ఏదో అడగాలి. తరంగాలతో లోపలి కణజాలాన్ని వేడిచేసే షార్ట్‌వేవ్ డయాథెర్మీ మాత్రం లోపల లోహం ఉన్న చోట వాడకూడదు. ఆ లోహం చుట్టూ వేడి పోగై కణజాలం కాలుతుంది.

రోజూ ఫిజియో ఇంటికి రావడం తప్పనిసరా? 2017లో జామా అనే వైద్య పత్రికలో వచ్చిన ఆస్ట్రేలియా అధ్యయనం, పది రోజులు ఆసుపత్రిలో ఉంచి చేసిన రిహాబ్‌ను పర్యవేక్షణతో కూడిన ఇంటి వ్యాయామంతో పోల్చింది. 26 వారాలకు నడక పరీక్షలో తేడా కనిపించలేదు. దీన్ని ‘ఫిజియో అక్కర్లేదు’ అని చదవకూడదు. అందులో ఇంటి దగ్గరున్నవారికీ కార్యక్రమం, మధ్య మధ్య పరీక్ష ఉన్నాయి. చిక్కుల్లేని కేసులో తొలి రెండు వారాలు దగ్గర దగ్గరగా, తర్వాత వారానికి ఒకటి రెండుసార్లు చూపించుకుంటూ మిగతా రోజులు సొంతంగా చేయడం సరిపోతుంది. వంపు ముందుకు కదలనివారికి, పక్షవాతం వంటివి ఉన్నవారికి ఇది చాలదు.

## పత్యం

పప్పు తింటే చీము పడుతుందని, గుడ్డు, పెరుగు వద్దని కారప్పొడి అన్నంతో నెల గడిపించే ఇళ్లు ఇంకా ఉన్నాయి. పప్పుకూ చీముకూ సంబంధం లేదు. చీము బ్యాక్టీరియా వల్ల వస్తుంది. కోత మానడానికీ, కరిగిన కండరం తిరిగి రావడానికీ ఈ నెలలో ప్రోటీన్ అవసరం మామూలు కంటే పెరుగుతుంది, కిలో బరువుకు రోజుకు 1.2–1.5 గ్రాములు. 65 కిలోల మనిషికి 80–95 గ్రాములు. పత్యం అన్నం దీనిలో సగం కూడా ఇవ్వదు. రెండు గుడ్లు, రెండు పూటలా గట్టిపప్పు, పావులీటరు పెరుగు, చేపో చికెనో పనీరో ఉంటేనే ఆ అంకె దగ్గరకు వస్తుంది. కిడ్నీ జబ్బు ఉన్నవారు మాత్రం డాక్టర్ చెప్పిన పరిమితిలోనే ఉండాలి.

## ఒక మోకాలి నియమం ఇంకో మోకాలికి కుదరదు

మొబైల్లో కనిపించే ‘నీ (మోకాలి) సర్జరీ ఎక్సర్‌సైజులు’ ఏ సర్జరీకన్నది చూడకుండా చేయడం పెద్ద చిక్కు. కీలు మార్పిడిలో సిమెంటుతో అతికించిన లోహం మొదటి రోజే పూర్తి బరువు మోస్తుంది. అక్కడ కదలికే మందు. కబడ్డీ, క్రికెట్‌లో తెగిన ఏసీఎల్‌ను, అంటే మోకాలి లోపల రెండు ఎముకలనూ పట్టి ఉంచే లిగమెంటును, సొంత స్నాయువుతో పునర్నిర్మిస్తే లెక్క తలకిందులు. అమర్చిన స్నాయువుకు కొత్త రక్తనాళాలు పట్టే క్రమంలో 6–12 వారాల మధ్య అది అత్యంత బలహీనంగా ఉంటుంది. నొప్పి పోయి కుర్రాడికి పరుగెత్తాలనిపించేదీ అప్పుడే. అమెరికా, నార్వే పరిశోధకుల డెలావేర్–ఓస్లో బృందం 2016లో ప్రచురించిన అధ్యయనంలో, ఆటకు తిరిగి వెళ్లడాన్ని తొమ్మిది నెలల దాకా వాయిదా వేసిన ప్రతి నెలకూ మళ్లీ గాయపడే రేటు 51 శాతం తగ్గింది. రెండు ఎముకల మధ్య మెత్తలా ఉండే మెనిస్కస్ చిరిగితే దాన్ని కుట్టించుకున్నవారికి సాధారణంగా 4–6 వారాలు 90 డిగ్రీలు దాటి వంచనివ్వరు, చిరిగిన ముక్కను తీసేసినవారు మాత్రం అదే రోజు నడుస్తారు.

## ఆలస్యం చేయకూడనివి

పిక్కలో ఒకేచోట నొప్పి, ఆ కాలు పాదం దాకా హఠాత్తుగా వాచడం రక్తపు గడ్డకు సూచనలు. ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీ నొప్పి వస్తే ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరి ఉండవచ్చు, నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లాలి. కింద పడ్డాక కాలు ఎత్తలేకపోతే చిప్ప విరిగిందేమో, స్నాయువు తెగిందేమో ఎక్స్‌రేతో, పరీక్షతో చూడాలి.

కుట్లు తీశాక కూడా కోత నుంచి తడి కారడం, ఎర్రదనం పెరుగుతూ పోవడం, తగ్గిన నొప్పి జ్వరంతో మళ్లీ మొదలవడం ఇన్‌ఫెక్షన్ లక్షణాలు. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర యాంటీబయాటిక్ మాత్రలు రాయించుకొని వారం చూడటం ఇక్కడ చేయగలిగిన అతిపెద్ద తప్పు. పైకి కారడం ఆగుతుంది, లోపల లోహం మీద బ్యాక్టీరియా జిగురు పొర కట్టి మందు అందని చోట స్థిరపడుతుంది. తర్వాత కీలులోని ద్రవం తీసి పరీక్షకు పంపినా, అప్పటికే మింగిన మాత్రల వల్ల ఏ క్రిమి ఉందో ల్యాబులో బయటపడకపోవచ్చు. తొలి వారాల్లో పట్టుకుంటే కడిగి, ప్లాస్టిక్ ముక్క మార్చి కీలును కాపాడే అవకాశం ఉంటుంది. నెలలు గడిస్తే చాలాసార్లు లోహమంతా తీసి, ఇన్‌ఫెక్షన్ అణిగాక మళ్లీ కొత్తది వేయాల్సి వస్తుంది. తడి కనిపించిన రోజే, ఏ మాత్రా వేసుకోకముందే, ఆపరేషన్ చేసిన సర్జన్‌కు చూపించాలి.